హంతకుడు కావాలి, ఎవడైనా సరేనా?

డిసెంబరు 27 దగ్గర పడ్డప్పుడల్లా ఎక్కడో ఒక పేపర్లో, జిల్లా పేజీలో, ఆయేషా మీరా పేరు మళ్ళీ కనబడుతుంది. శీర్షిక కూడా దాదాపు అదే: 'వీడని మిస్టరీ'. కోర్టులో ఏదన్నా కదలిక వస్తే 'కొత్త మలుపు'. ఈ వార్తల్ని హాస్టల్ రీడింగ్ రూముల్లో చదివి, మెస్సులో అన్నం ముందు కూచుని "ఎవరు చేసుంటారంటావ్?" అని ఒకర్నొకరం అడుక్కున్నవాళ్ళల్లో మేమూ ఉన్నాం. హత్య జరిగిన 2007లో మేమూ ఇంచుమించు ఆ పిల్ల వయసువాళ్ళమే, ఇంటరో డిగ్రీయో చదువుతున్నాం. ఆ ప్రశ్న అడగడంలో తప్పేముందో మాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక హత్య జరిగితే హంతకుడెవరని అడక్క ఇంకేం అడుగుతారు?

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. హంతకుడెవరో తేల్చడం మా పని కాదు. ఆ ఊహాగానాలు చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, మేము వాళ్ళలో చేరదలచుకోలేదు. ఆయేషా మీరా కేసు మీద తెలుగు సమాజం చూపించిన ఆసక్తి దేని మీది ఆసక్తి? పిల్ల మీదా, న్యాయం మీదా, లేక చిక్కుముడి మీదా? మాకు కావలసింది ఆ సంగతి.

ముందు కేసు. 2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్ బాత్‌రూములో ఆయేషా శవం దొరికింది. తెనాలి పిల్ల, బి.ఫార్మసీ చదువుతోంది, ఇంకా ఇరవై నిండలేదు. అత్యాచారం చేసి చంపారు. ప్రేమని కాదన్నందుకే చంపానని చెప్పే ఒక ఉత్తరం కూడా అక్కడ దొరికింది. హాస్టల్ నిండా ఆడపిల్లలున్న రాత్రి అది. ఇవి చాలు, పత్రికలకి కథ దొరికింది. మూసిన హాస్టలు, ఉత్తరం, ఎవరికీ వినపడని అరుపు. వీటిలో ఏదీ పత్రికలు కల్పించింది కాదు, నిజమే. కానీ వాటిని పేర్చిన తీరు కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌కి రాజు ఆధారాలు తెచ్చిచ్చే తీరు. పాఠకుడు కుర్చీలో వెనక్కి వాలి యుగంధర్ అయిపోతాడు. ఉత్తరంలో చేతిరాత ఎవరిది, తలుపు ఎవరు తీశారు, వాచ్‌మన్ ఏం చేస్తున్నాడు అని తనకి తానే ఇన్‌స్పెక్టర్ అయిపోతాడు. అప్పటికి తెలుగులో ఇరవై నాలుగ్గంటల వార్తా చానెళ్ళు కొత్తగా కుదురుకుంటున్నాయి. వాళ్ళకీ అదే కావాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేరవార్త చదివేవాడు డిటెక్టివ్ స్థానంలో నిలబడి చదవగలగడం ఒక సౌకర్యం. అది అందరికీ లేదు. మా ఊళ్ళో ఒకసారి పొలం దగ్గర కరెంటు మోటారు పోయింది. పొలం ఊరికి తూర్పున. పల్లె పడమర. జీపు మాత్రం నేరుగా పల్లెకే వచ్చింది. "ఎవరు తీశారు?" అని ఎవరినీ అడగలేదు, నలుగురు కుర్రాళ్ళ పేర్లు ముందే రాసుకొచ్చారు. ఆ నలుగురిలో ఒకడు ఆ వారమంతా చెరుకు కొట్టడానికి వేరే జిల్లాలో ఉన్నాడు. వాడి బదులు వాడి తమ్ముణ్ణి ఎక్కించుకుపోయారు. మోటారు తర్వాత ఎక్కడ దొరికిందో అందరికీ తెలుసు, పల్లెలో మాత్రం కాదు. ఇట్లాంటి కథ లేని పల్లె మేము చూడలేదు. ఆ చోటు నుంచి వచ్చినవాడు 'హంతకుడెవరు?' అన్న శీర్షిక చూస్తే ముందు వచ్చేది కుతూహలం కాదు. ఈసారి ఎవరి ఇంటికొస్తారో అన్న దిగులు.

2008 ఆగస్టులో అదే జరిగింది. అంతకుముందు కొందరిని పట్టుకొచ్చి ప్రశ్నించారు, వదిలేశారు. నెలలు గడిచేకొద్దీ ఒత్తిడి పెరిగింది. ధర్నాలు, ప్రకటనలు, చానెళ్ళలో చర్చలు. అంత ఒత్తిడికి సమాధానంగా నందిగామ ప్రాంతపు దళిత యువకుడు సత్యంబాబు దొరికాడు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పట్టుకుంటే ఆయేషా హత్య కూడా ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. పత్రికలు 'నేరం ఒప్పుకున్నాడు' అని అచ్చేశాయి.

'నేరం ఒప్పుకున్నాడు' అనే ఈ రెండు మాటల దగ్గర ఆగుదాం. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది, 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. తెల్లవాడు ఊరికే రాయలేదు ఆ సెక్షన్. ఠాణాలో ఒప్పుకోలు ఎట్లా పుడుతుందో వాడికి తెలుసు. నూటయాభై ఏళ్ళుగా చట్టం నమ్మని మాటని మన పత్రికలు మొదటి పేజీలో నమ్ముతాయి, చదివేవాళ్ళు నమ్ముతారు. ఎందుకు నమ్మారు? ఒప్పుకున్నది ఎవరో చూసి నమ్మారు. పల్లె నుంచి వచ్చిన పేద కుర్రాడు, దొంగతనం కేసు ఉంది అన్నారు, ఇంకేం కావాలి. పెద్దింటి కొడుకు గురించి పోలీసులు అదే మాట చెప్పుంటే 'ఆరోపణ' అనీ 'అనుమానం' అనీ, 'తెలిసింది' అనీ ఎన్ని జాగ్రత్తలు పడేవాళ్ళో రోజూ పేపరు చదివేవాళ్ళకి మేము చెప్పక్కర్లేదు.

సత్యంబాబుకి గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు. కాళ్ళూ చేతులూ పట్టు తప్పే జబ్బు అది. అతన్ని మోసుకుని తిప్పడం జనం టీవీల్లో చూశారు. ఈ మనిషి గోడ దూకి, అంతమంది పిల్లల మధ్య ఒక పిల్లని ఈడ్చుకెళ్ళి చంపాడా అని పౌరహక్కుల వాళ్ళు అడిగారు, దళిత సంఘాలు అడిగాయి. అందరికంటే గట్టిగా అడిగింది ఆయేషా తల్లి. ఈ పిల్లాడు కాదు, నా బిడ్డని చంపింది ఇతను కాదు అని మొదటినుంచీ చెబుతూనే వచ్చింది. అయినా 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు సత్యంబాబుకి యావజ్జీవ శిక్ష వేసింది. అప్పుడు జనాసక్తి ఏమైంది? చల్లారింది. చిక్కుముడి విడిపోయింది గదా. తల్లి ఒప్పుకోకపోవడం కూడా వార్తే, కానీ లోపలి పేజీ వార్త.

ఆ తల్లి చేసిన పనిని తెలుగు విమర్శ ఇంకా సరిగా చదవలేదని మా అభిప్రాయం. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి హంతకుడు దొరకాలన్న కోరిక మనందరికంటే వెయ్యి రెట్లు ఎక్కువ. ఆ కోరికకి ప్రభుత్వం ఒక మనిషిని తెచ్చిచ్చింది. తీసుకుంటే ఆ రోజుకి కొంత ఊరట. కానీ తీసుకోలేదు. ఆమెకి హంతకుడు కావాలి, ఎవడో ఒకడు కాదు. మనకి ఎవడో ఒకడైతే చాలు. ప్రజాసక్తి అని మనం పిలుచుకునేదానికీ ఆమె పట్టుదలకీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఒక ముస్లిం తల్లి ఒక దళిత తల్లి కొడుకుని కాపాడుతూ నిలబడ్డ ఈ సందర్భం మీద మన సాహిత్యంలో ఎన్ని పేజీలొచ్చాయో వెతికితే మనకే సిగ్గేస్తుంది.

2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు సత్యంబాబు నిర్దోషి అని తీర్పు చెప్పింది. దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. అతనికి లక్ష రూపాయలు ఇమ్మంది. ఏప్రిల్ మొదట్లో రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చాడు. ఎనిమిదిన్నరేళ్ళు. లెక్క వేస్తే రోజుకి సుమారు 32 రూపాయలు. ఆ ఏడాది మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకి 197. మట్టి పనికి పోయినా ఆరింతలు వచ్చేది. అదీ ఎండపొద్దు పూట మాత్రమే, రాత్రి ఇంటికొచ్చి పడుకోవచ్చు.

ఆ తీర్పు మర్నాటి పత్రికలు తిరగేస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 'సత్యంబాబు నిర్దోషి' అన్న వాక్యం పూర్తవకుండానే 'మరి హంతకుడెవరు?' అన్న వాక్యం మొదలవుతుంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. తీర్పులో రెండు ప్రశ్నలున్నాయి. ఆయేషాని చంపిందెవరు అనేది ఒకటి. సత్యంబాబుని హంతకుడిగా తయారుచేసిందెవరు, ఎట్లా అనేది రెండోది. మొదటిది నిజంగానే చిక్కుముడి. రెండోదాంట్లో చిక్కుముడి ఏమీ లేదు. పంచనామాలున్నాయి, వాటి కింద మధ్యవర్తుల సంతకాలున్నాయి, రిమాండు రిపోర్టుంది, ప్రెస్ మీట్‌లో ఎవరు ఏ మాట చెప్పారో వీడియో ఉంది. పేరూ హోదా తేదీతో సహా తెలుసుకోగలిగిన సంగతి. దాని మీద డిటెక్టివ్ కుతూహలం ఎవరికీ పుట్టలేదు. ఎందుకంటే అక్కడ కనుక్కోవాల్సింది మన వ్యవస్థ రోజువారీ పని. అందులో థ్రిల్ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం, జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు ఐదో వంతు. ఆ తేడాలో ఎంతమంది సత్యంబాబులున్నారో ఏ చానెలూ అర్ధగంట కార్యక్రమం చెయ్యదు.

2019 డిసెంబరులో మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థి మిత్రుల్ని అడుగుతున్నాం. 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు ముద్దాయిలు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, ఉరిశిక్ష. 14న, ఆ మర్నాడే, తెనాలి శ్మశానంలో ఆయేషా సమాధి తవ్వి అవశేషాలకి మళ్ళీ పోస్టుమార్టం చేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఎందుకు తవ్వాల్సొచ్చింది? పోలీసులు పట్టుకొచ్చినవాడు హంతకుడు కాదని హైకోర్టు చెప్పింది కాబట్టి. 6న పూలు చల్లినవాళ్ళే 14న టీవీ ముందు కూచుని 'అయ్యో, అసలు దోషి ఎప్పుడు దొరుకుతాడో' అన్నారు. ఈ రెండు వార్తలకీ మధ్య ఉన్న సంబంధం వాళ్ళకి తట్టలేదు.

2008లోనే ఆ బిల్లులాంటి చట్టం ఉండి, అదే పూలు చల్లే ఉత్సాహం ఉండి ఉంటే సత్యంబాబు సంగతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. కింది కోర్టు శిక్షకీ పైకోర్టు విడుదలకీ మధ్య ఆరున్నరేళ్ళు పట్టింది. ఆ ఆరున్నరేళ్ళు అతను బతికున్నాడు కాబట్టి నిర్దోషి అయ్యాడు. చటాన్‌పల్లి విషయంలో 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక, పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదనీ, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లనీ చెప్పింది. ఆ ముగ్గురూ టీనేజీ పిల్లలే. వాళ్ళ నేరం రుజువైందీ లేదు, కాలేదనీ లేదు. ఇక ఎప్పటికీ తేలదు. అపరిష్కృత కేసు అనే మాటకి ఇంతకంటే ఏం కావాలి? కానీ దాన్ని మిస్టరీ అని ఎవరూ అనరు.

ఉత్తరాదిలో అదే కాలంలో ఇంకో కేసు దేశాన్నంతా కూచోబెట్టింది. 2008 మేలో నోయిడాలో పద్నాలుగేళ్ళు నిండని ఆరుషి హత్య. మొదటి రోజు ఇంట్లో పనిచేసే నేపాలీ మనిషి హేమరాజ్ కనబడలేదు కాబట్టి హంతకుడు అతనే అన్నారు. మర్నాడు అదే ఇంటి మేడ మీద అతని శవం దొరికింది. ఒక మనిషి చచ్చిపోయి కూడా ఒక రోజంతా హంతకుడిగా ఉన్నాడు, మేడ మెట్లు ఎక్కి చూసే తీరిక ఎవరికీ లేదు కనక. ఆ తర్వాత ముగ్గురు పనివాళ్ళు అరెస్టయ్యారు, నార్కో పరీక్షలు చేశారు, ఆధారాలు లేక వదిలారు. ఒప్పుకోకుండా అట్లాంటి పరీక్షలు చెయ్యడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పింది 2010లో. తల్లిదండ్రులకి 2013లో శిక్ష పడింది, 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్ళనీ వదిలేసింది. 2015లో 'తల్వార్' అనే సినిమా వచ్చింది. దర్యాప్తు ఎట్లా చెడిపోయిందో ఆ సినిమా బాగానే చూపించింది. కానీ చూసి బయటికొచ్చిన మిత్రుల చర్చ అంతా తల్లిదండ్రులా, పనివాళ్ళా అన్నదాని దగ్గరే తిరిగింది. ఇద్దరు చనిపోయిన కేసు అది. అందరి నోళ్ళలో మాత్రం 'ఆరుషి కేసు'.

ఇక్కడికొచ్చాక మాకు ఒక అనుమానం బలపడింది. జనానికి హత్య మీద ఆసక్తి లేదు, తెలియకపోవడం మీద ఉంది. దళితుల హత్యల్లో ఆ తెలియకపోవడం ఉండదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఎవరు చంపారో ఊరికి తెలుసు, పొలాలకి తెలుసు, తుంగభద్ర డ్రైన్‌కి తెలుసు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా ఖర్డాలో 2014 ఏప్రిల్‌లో నితిన్ ఆగే అనే పదిహేడేళ్ళ దళిత పిల్లాణ్ణి చంపారు. పైకులం అమ్మాయితో మాట్లాడాడని. సాక్షులు అడ్డం తిరిగారు, 2017 నవంబరులో ముద్దాయిలు నిర్దోషులుగా బయటికొచ్చారు. చట్టం లెక్కలో చూస్తే నితిన్‌ని ఎవరూ చంపలేదు. ఇది కూడా టీనేజీ పిల్లాడి హత్యే, దోషి తేలని కేసే. 'నితిన్‌ని చంపిందెవరు?' అని ఏ పాఠకుడైనా కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించాడా? ఊరంతటికీ తెలిసిన జవాబుని కోర్టు ఎందుకు వినలేకపోయిందన్నదే అక్కడి చిక్కుముడి. అది విప్పాలంటే పాఠకుడు తన కులం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంత ఓపిక ఎవరికుంది?

అయితే ఈ వేలు మనవైపు కూడా తిప్పుకోవాలి. సత్యంబాబు విడుదలయ్యాక మన సభల్లో అతని పేరు చాలాసార్లు విన్నాం, మేమూ వాడాం. 'అన్యాయంగా ఇరికించబడ్డ దళిత బిడ్డ'. నిజమే. కానీ ఆ ఉపన్యాసాల్లో ఆయేషా ఎంతసేపుంది? ఆమె కేసుకి పేరు మాత్రమే, మన వాదనకి గుమ్మం మాత్రమే. డిటెక్టివ్ పాఠకులు ఆమెని చిక్కుముడి చేస్తే మేము ఆమెని సందర్భం చేశాం. ఫార్మసీ చదవడానికి తెనాలి నుంచి వచ్చి ప్రైవేటు హాస్టల్లో ఉన్న ముస్లిం పిల్ల అంటే మనకి చాలా దగ్గరి పిల్ల. మన చెల్లెళ్ళు ఇవాళ అట్లాంటి హాస్టళ్ళలోనే ఉన్నారు. తలుపుల గొళ్ళేలు, రాత్రి కాపలా, వార్డెన్ బాధ్యత అనేవి నేరవార్తలో 'ఆధారాలు'గా వచ్చాయి తప్ప ఆడపిల్లల చదువు సమస్యగా మన పత్రికల్లోనూ రాలేదు. ఈ పత్రికలోనూ రాలేదు. మగవాళ్ళం ఎక్కువమందిమి రాస్తున్నందువల్ల కావచ్చు.

ఇంకొకటి. పెద్దల పేర్లు పలుకుతూ గుసగుసలు పోవడం మనకీ అలవాటే. పెద్దవాళ్ళ మీద అనుమానం వస్తే అది ప్రగతిశీలమని మనకో నమ్మకం. సాక్ష్యం లేకుండా ఒకర్ని హంతకుడనడం తప్పని సత్యంబాబు విషయంలో మనమే చెప్పాం. ఆ మాట ఇంకొకరి విషయంలో కూడా చెప్పలేకపోతే అది సూత్రం కాదు, పక్షపాతం. ఈ మాట మా మిత్రులు కొందరికి నచ్చదని తెలుసు.

హైకోర్టు 2018లో పునర్విచారణకి ప్రత్యేక బృందాన్ని వేయించాక ఇంకో సంగతి బయటపడింది. విజయవాడ కోర్టులో ఉండాల్సిన కేసు రికార్డులు, వస్తువులు ధ్వంసమైపోయాయి. అప్పీలు కాలం ఇంకా నడుస్తుండగానే. ఆ ఏడాది నవంబరులో హైకోర్టు కేసుని సీబీఐకి ఇచ్చింది, రికార్డుల సంగతి కూడా తేల్చమంది. ఏళ్ళు గడిచాయి. 2017 తర్వాత ఏ కోర్టూ ఈ హత్యకి ఎవరినీ దోషిగా తేల్చింది లేదు.

మొన్న మా డిపార్టుమెంటులో ఎమ్మే పిల్లలతో ఈ కేసు మీద మాట్లాడాం. హంతకుడెవరో మీకేమన్నా తెలుసా సార్ అని మొదటి బెంచీ నుంచి ప్రశ్న. తెలీదన్నాం. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ రికార్డులు ఎవరు తగలెట్టారో దానికి పేపర్లుంటాయి గదా, అవి మనం అడగొచ్చా?" అంది. సమాచార హక్కు దరఖాస్తు ఎట్లా రాయాలో ఆ పూట క్లాసులో రాయించాం. పది రూపాయల ఫీజు పిల్లలే వేసుకున్నారు.